జర్మనీలో అయిపోయిన సెలవు

కువైట్‌లోని అహ్మదిలో ఓ కాంట్రాక్టరు ఆఫీసు. హాజరు చూసే కోనసీమ ఆయన కంప్యూటరు ముందున్నాడు. కడప ఫిట్టరు హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"నెల రోజుల నుంచీ నీ హాజరులో క్లయింట్ లొకేషన్ జర్మనీ అని పడుతుందేంటయ్యా?"

"క్లయింటు జర్మనీకి పోతే నన్నడుగుతావేందన్నా? ఆయిల్ కంపెనీ ఇంజినీరు పొద్దన గూడా సైటుకొచ్చి నన్ను అరిచిపోయినాడే!"

"ఆ క్లయింట్ కాదు బాబూ. ఇక్కడ క్లయింట్ అంటే నీ ఫోను. నువ్వు హాజరు నొక్కినప్పుడల్లా అదెక్కడుందో సిస్టమ్ రాసుకుంటుంది."

"నా ఫోను నా జోబీలోనే ఉండాది గదన్నా."

"అందులో కొత్తగా ఏమన్నా వేశావా?"

"ఇంటికి వీడియో కాల్ పోలేదని మా రూమాయన వీపీఎన్ అని ఏదో ఏసిచ్చినాడు. ఇప్పుడు బిడ్డ మొగం బాగా కనపడతాండాది."

"అదేనయ్యా నీ కొంప ముంచింది! నువ్వు జర్మనీలో ఉన్నట్టు చూపించేది అదే."

"యాడుండానో నువ్వే చూస్తాండావు గదా. ఈడనే ఉండానని రాయన్నా."

"నేను రాస్తే చెల్లదు. దేశం బయటున్న రోజులన్నీ సిస్టమే సెలవు కింద కొట్టేసింది. నీ సెలవు ఖలాస్."

"ఖలాసా! వచ్చే నెల నా బిడ్డకు పుట్టెంట్రుకలు తీపిచ్చాలన్నా!"

"మేనేజరుతో మాట్లాడి చూస్తాను. ముందా వీపీఎన్ తీసెయ్యి."

"తీస్తే బిడ్డ కనపడదు గదన్నా. తీయకపోతే నీ సిస్టమ్‌కు నేను ఈడ కనపడను. ఏం జేయాల?"