చేప కడుపుల మా కంపెనీ గింజలు

"తాతా, కంపెనీల నువ్వు చేసిన పనేంది? ఫోన్ల రికార్డు చేస్తున్న, చెప్పు."

నా పనా? ఊడ్సుడు బిడ్డా. నవ్వకు. పటాన్‌చెరుల బకెట్లు, డబ్బాలు చేసే కంపెనీ మాది. ప్లాస్టిక్ దాన సంచులల్ల వస్తుండె. దాన అంటే గింజలు, తెల్లగ సగ్గుబియ్యం లెక్కుంటయ్. మిషిన్ల వోసేటప్పుడు కింద వడ్తయ్. కాలు వడ్డదంటే జారుడే. ఒక బిహారాయన గట్లనే నడుం ఇరగ్గొట్టుకున్నడు.

అందరు చీపుర్లతోని పరేషానైతుంటె నేనేం చేసిన? పైపు వట్టి నీళ్లు కొట్టిన. గింజలన్ని నీళ్లు వోయే మోరీలకు పాయె. సూపర్‌వైజర్ సారు మెచ్చుకొని, అందరు గిట్లనే కడుగుండ్రి అన్నడు. మూడు షిఫ్టులోళ్లకు నేనే నేర్పిన. ఆ మోరి వాగుల కలుస్తది, వాగు చెరువుల కలుస్తది. తెల్వదా అంటే తెల్సు. గని గింజే గదా అనుకున్న.

ఇగ ఒక ఐతారం చర్చి నుంచి వచ్చినంక మీ నానమ్మ చేప కోస్తున్నది. బీరంగూడ అంగట్ల లచ్చమ్మ కాడ తెచ్చిన చేప. అప్పుడు కిలో అరవై... కాదు, ఎనభై, మీ నాయిన పెండ్లి గాకముందు ముచ్చట. కడుపు కోస్తే తెల్లటి గింజలు. "సూడు, తూకం పెరగాలని లచ్చమ్మ పూసలు కుక్కింది" అన్నది మీ నానమ్మ. నాకు ఒక్క సూపుకే తెల్సిపాయె, అది మా దాన. నోరు మెదపలే. సిగ్గయింది బిడ్డా.

మీ నానమ్మ ఊకుంటదా? ఇంద్రేశంల మా గల్లీ అంత చెప్పింది. మల్ల ఐతారం లచ్చమ్మ గంప కాడ ఒక్కలు లేరు. మొగుడు లేని మనిషి, ఆ గంప మీదనే బతుకు. దూరం నుంచే సూసి, మొకం తిప్పుకొని వచ్చిన.

తెల్లారి డ్యూటీల పైపు చుట్టి పక్కకు వెట్టిన. పొడిగ ఊడ్సి, ఆ దాన మల్ల మిషిన్లనే వోసిన. మోరికి జల్లెడ లెక్క సన్న జాలి కట్టిన. టైం వోతదని సారు గుర్రుమన్నడు. నేర్పినోన్ని నేనే, మాన్పిచ్చేటోన్ని గూడ నేనే సార్ అన్న. మాన్పిచ్చిన. జాలిల నుంచి జారే సన్నటి పొడి, కండ్లకు ఆననిది, అది పోతనే ఉన్నది, అబద్ధమెందుకు.

మల్ల వచ్చిన ఐతారం మీ నానమ్మను తోలుకొని అంగడికి వోయిన. "లచ్చమ్మా, ఆ గింజలు నువ్వు కుక్కినయ్ గావు. మా కంపెనీయి. మోరీలకు కొట్టింది నేను" అని అందరి ముంగట చెప్పిన. మీ నానమ్మ నా దిక్కు సూసిన సూపు ఇప్పటికి యాదున్నది. లచ్చమ్మ తిడ్తదనుకున్న. తిట్టలే. పీట జరిపి, "కూసో అన్నా. నాకు చెప్పుడు గాదు, వచ్చినోళ్లకు చెప్పు" అన్నది.

కూసున్న. ఆమె చేప కడుపు కోసి సూపెడ్తది, గింజలుంటే ఇది నా పని అని నేను చెప్త. తప్పు ఒప్పుకునుడు చర్చిల ఎన్నేండ్లు చేసిన, గని నోరెండిపోయింది మాత్రం ఆడనే. నాలుగు ఐతారాలు గట్లనే కూసున్న. అయిదో ఐతారం లచ్చమ్మ నా దిక్కు గూడ సూడకుంట, "ఇగ లే అన్నా, గిరాకోళ్లకు జాగ లేదు" అన్నది.

సల్లగుండు బిడ్డా. తప్పు నువ్వు గూడ చేస్తవు, మనిషివే గదా. గని నీ తప్పు ఇంకొకల నెత్తిన వడ్తుంటె ఒక్క వారం గూడ ఆగకు. నేను ఆగిన...