ఎర్రమూత డబ్బా

రొయ్యల మందులు పరీక్షించే గది. ఒక ఫ్రీజరు, పక్క గదిలో పన్నెండు తొట్లు. ఇక్కడ పనిచేసే అక్క, ఆమె కోసం వచ్చిన రొయ్యల రైతు తమ్ముడు.

"నన్నెందుకు అడుగుతావక్కా? ఫ్రీజరు తాళం నీ నడుముకే కదా వేలాడేది."

"మొన్న నువ్వు వచ్చినప్పుడు తాళం తీసే ఉంది. నేను తొట్లలో ఉప్పు చూడ్డానికి వెళ్ళాను. ఈ గదిలో నువ్వొక్కడివే ఉన్నావు."

"అయితే దొంగని నేనేనా? అన్నం క్యారేజీ తెచ్చిచ్చినందుకు మంచి మర్యాదే."

"నవ్వకురా. ఎర్రమూత డబ్బా ఒకటి ఉండాలి. లేదు."

"ఎక్కడో పెట్టి మరిచిపోయుంటావు. చిన్నప్పుడు చెవిదుద్దు చేతిలో పట్టుకుని ఇల్లంతా వెతికావు, గుర్తుందా?"

"పొద్దున్నుంచి మూడుసార్లు ఫ్రీజరు ఖాళీ చేశాను. నా చేతులు చూడు, ఎలా కొంకర్లు పోయాయో. తీశావా, లేదా?"

"తీస్తే ఏమవుతుంది?"

"తీశావా?"

"అబ్బ, అరవకు. బయట మీ సార్‌కి వినపడుతుంది."

"అమ్మా, లోపలున్నావా?"

"ఉన్నాను సార్!"

"ఎర్రమూత డబ్బా కరగబెట్టావా? ఈరోజే మొదలుపెట్టాలి."

"ఆ... కరుగుతోంది సార్. గట్టిగా గడ్డకట్టుకుపోయింది."

"అయ్యాక నన్ను పిలువు. ఆ అబ్బాయెవరు?"

"మా తమ్ముడు సార్. క్యారేజీ తెచ్చాడు. వెళ్ళిపోతున్నాడు."

"సరే. తొట్ల దగ్గరికి మాత్రం రానివ్వకు."

"అలాగే సార్."

"భలే అబద్ధాలు నేర్చావక్కా."

"వెళ్ళారా? తలుపు వెయ్యి. గడియ కూడా పెట్టు. ఇప్పుడు చెప్పు, ఎక్కడుంది డబ్బా?"

"డబ్బా ఇంట్లో ఉంది. కడిగి బోర్లించాను. తెచ్చిచ్చేస్తానులే."

"కడిగావా?"

"ఖాళీ అయ్యాక కడగనా మరి? నీచు కంపు."

"ఒరే... అందులో ఉన్నది ఏం చేశావు?"

"మందుని ఏం చేస్తారు? వేశాను."

"ఎక్కడ?"

"చెరువులోనే. బావిలో వేస్తానా?"

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం, మేతతో పాటు. ఏంటక్కా అలా చూస్తావు? అటు నాలుగు చెరువులకి తెల్లమచ్చ రోగం తగిలిందని నీకూ తెలుసు. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు చచ్చిన రొయ్యలే. అడిగితే ఇవ్వవు. చేతికందేంత దూరంలో మందు పెట్టుకుని సొంత తమ్ముణ్ణి ఆగి చూడు, ఆగి చూడు అంటావు. ఎన్నాళ్ళు చూడమంటావు?"

"అది మందని నీకెవరు చెప్పారు?"

"నువ్వే! పోయిన వారం నీళ్ళు తాగుతూ అడిగాను కదా, ఆ ఎర్రమూత దాంట్లో ఏముందక్కా అని. మందు అన్నావు."

"అన్నాను."

"మరి?"

"బయటివాళ్ళు ఎవరడిగినా అలాగే చెప్పాలిరా. ఇక్కడ మా అందరికీ అదే మాట. మూత మీద కూడా నంబరు తప్ప ఏమీ రాయం. నిజం తెలిస్తే రైతులు వచ్చి తలుపులు ఊడబీకుతారని సార్ భయం."

"నిజం ఏంటి?"

"కూర్చో."

"నేను నిలబడే ఉంటా. చెప్పు."

"మందు పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు రొయ్యలకి జబ్బు అంటించాలి. తెల్లమచ్చతో చచ్చిన రొయ్యల్ని ఒలిచి, కండ నూరి, గడ్డ కట్టించి దాస్తాం. దాన్ని మంచి రొయ్యలకి తినిపిస్తాం. అవి దాంతో జబ్బు పడ్డాకే మందు."

"మరి ఆ ఎర్రమూత దాంట్లోది మందు కాదా?"

"అసలు మందు అదిగో, పైన అలమరలో తెల్లపొడి. నువ్వు తీసుకెళ్ళింది రోగం."

"ఊరుకో అక్కా. నన్ను భయపెట్టాలని చెప్తున్నావు."

"నా మొహం చూసి చెప్పు, ఆటలాడుతున్నానా?"

"ఎర్రగా, ముద్దగా... మేతలాగే ఉంది. రొయ్యలు ఎగబడి తిన్నాయి. మేత ఎంత మిగిలిందో చూసే చెక్‌ట్రే ఎత్తి చూశాను, నలుసు మిగల్లేదు."

"తింటాయి. వాటికేం తెలుసు."

"ఎంత తింటే వస్తుంది?"

"గోరంత చాలు."

"డబ్బా మొత్తం వేశానక్కా."

"తల్లీ... మొన్న సాయంత్రం అన్నావు కదూ? అంటే ఈ సాయంత్రానికి రెండు రోజులు. రేపట్నుంచి మేత మానేస్తాయి. ఎల్లుండికి చచ్చి గట్టుకి కొట్టుకొస్తాయి."

"అన్నీ చస్తాయా?"

"వారం తిరిగేసరికి మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

"ఆ తెల్లపొడి ఇవ్వు. ఇప్పుడే వెళ్ళి వేస్తా."

"అది పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలీదురా! అది తెలుసుకోడానికే కదా ఇన్ని తొట్లు, ఇన్ని తిప్పలు."

"కాసిని నీళ్ళివ్వు."

"ఇదిగో. మెల్లగా తాగు."

"అక్కా, పక్క చెరువుకి పాకుతుందా? మధ్యలో గట్టుంది కదా. వెడల్పు గట్టు."

"గట్టు ఆపుతుందా? ఒక కాకి చచ్చిన రొయ్యనెత్తుకెళ్ళి పక్క దాంట్లో వదిలేస్తే చాలు. ఒక పీత నడిచెళ్ళినా చాలు. నాకూ అదే దడ. నీ చెరువుకీ మా చెరువుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క గట్టే. మూడు పంటలు పోయి, నాలుగోది నిలబడిందని మీ బావ రెండు నెలలుగా ఆ గట్టు మీదే కాపురం పెట్టాడు. అన్నానికి రమ్మన్నా రాడు. ఇంకో పది రోజుల్లో పట్టుబడి, పంట చేతికొస్తుంది. ఇది కూడా పోతే ఆ మనిషి మళ్ళీ లేవడురా."

"ఎంత పని చేశానక్కా!"

"ఏడవకు. ఏడిస్తే ఏమొస్తుంది? నేను చెప్పేది విను. ముందు తూము మూయించు. ఒక్క చుక్క కూడా కాలవలోకి పోకూడదు. ఆ కాలవ నీళ్ళే అందరూ తోడుకునేది. తర్వాత సార్‌తో నేను చెప్తాను."

"చెప్తే నీ ఉద్యోగం?"

"పోతుంది. తాళం తీసిపెట్టి పోయింది నేను. ఆ ముద్ద మందని చెప్పింది నేను. పోనీ. సార్ మనుషుల్ని పంపిస్తారు. చెరువు నిండా బ్లీచింగ్ వేయించి మొత్తం చంపేయాలి. ఒక్కటి కూడా మిగలకూడదు."

"మొత్తమా? బాగున్నవాటిని కూడానా?"

"బాగున్నట్టు కనపడేవాటిని కూడా."

"పంటంతా పోతుందక్కా."

"పోనీరా. మళ్ళీ వేసుకోవచ్చు. నీ ఒక్క చెరువుతో ఆగితే ఈ కాలవ మీద ఉన్న నలభై కుటుంబాలు బతుకుతాయి."

"అంత తేలిగ్గా అనేశావు."

"తేలిక కాదు."

"నీ చెరువైతే?"

"ఏంటి?"

"నీది, బావది అయితే కూడా ఇలాగే చంపించేస్తావా?"

"చంపిస్తాను."

"బావ కాళ్ళు పట్టుకున్నా?"

"పట్టుకున్నా సరే. నలభై ఇళ్ళ ఉసురు పోసుకోమంటావా? ఒట్టు, ఇలాగే చేస్తాను. ఇంక నాన్చకు. ఫోను తీసి నీ కాపలా మనిషికి చెప్పు, తూము ముయ్యమని."

"నా తూము ముయ్యక్కర్లేదక్కా."

"ఇంతసేపూ నేను చెప్పిందేంటి?"

"నువ్వే ఒకసారి ఈ తొట్లు చూపించి చెప్పావు. ఎంత గొప్ప మందైనా నమ్మి ఒకేసారి అంతటా వెయ్యకూడదు, ఒక దాంట్లో వేసి పక్క దాంట్లో వెయ్యకుండా ఉంచి, రెండూ చూసుకోవాలి అన్నావు."

"అంటే చెరువులో సగానికి వల కట్టావా? సగంలోనే వేశావా?"

"లేదు. పనిచేస్తే నాదాంట్లోనూ వేద్దామనుకున్నా. మేలు జరిగితే మీకే కదా ముందు జరిగేది అనుకున్నా. ప్రమాణంగా అలాగే అనుకున్నానక్కా."

"ఏంట్రా నువ్వు మాట్లాడేది?"

"నాది వెయ్యని చెరువు."

"మరి ఎందులో వేశావు?"

"బావకి ఫోన్ చెయ్యక్కా. ముందు తూము ముయ్యమను."