కంచె అవతల అచ్చియమ్మ

అయ్యలారా, అమ్మలారా, ఈ వానలో కొండలు దిగి నడిచివచ్చిన బంధువులారా,

నిన్న మధ్యాహ్నం మన అచ్చియమ్మను మట్టిలో పెట్టాం. ఈ రోజు ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు నన్ను నిలబెట్టారు. మిషను బడి పంతులుగా మాట్లాడటం నాకు అలవాటే. ఈ పూట మాత్రం ఇక్కడ నిలబడే అర్హత నాకు లేదు. ఎందుకో మీలో కొందరికి తెలుసు. తెలియనివాళ్లకు నేనే చెబుతాను.

మన సమాధుల దొడ్డిలో పేరున్నవాళ్లు ముగ్గురున్నారు. ఈ చర్చి కట్టించి చలిజ్వరంతో పోయిన మొదటి పాదిరి దొరగారు. ఆయన వెనకే ఏడాది తిరగకుండా వెళ్లిపోయిన దొరసానిగారు. కొండ మీదికి వేసే ఘాటీ రోడ్డుకు కొలతలు వేస్తూ లోయలో పడిపోయిన సర్వే దొరగారు. ముగ్గురికీ రాళ్లున్నాయి. రాళ్ల మీద పేర్లున్నాయి. కింద నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లి చూపిస్తాం. మరి అచ్చియమ్మ ఎక్కడుంది? కంచె బయట ఉంది. ఎందుకుంది?

ఆమె విజయనగరం వైపు పల్లెలో పుట్టింది. భర్త మన మిషను ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు. పెళ్లైన మూడో ఏట పోయాడు. పుట్టింటివాళ్లు వచ్చి పిలిచినా ఆమె కొండ దిగలేదు. టీకాలు వెయ్యడం నేర్చుకుని, ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని గూడేలు తిరిగింది.

బుధు పెద్దా, నువ్విక్కడే ఉన్నావు, తప్పు చెబితే దిద్దు. టీకా వేస్తే అమ్మవారికి కోపమొస్తుందని మీ గూడెంవాళ్లు తలుపులు బిగించుకున్నారు.  అచ్చియమ్మ వీధి మధ్య కూర్చుని, అందరూ చూస్తుండగా తన చేతికే టీకా గీరుకుంది. "అమ్మోరికి కోపమొత్తే ముందు నామీదే రానీ. పది దినాలు మీ ఎదురుగానే ఉంటాను, సూడండి" అంది. ఉంది. ఆ వీధిలోనే వండుకు తింది. చెయ్యి వాచింది, పుండు పడింది, మానింది. పదకొండో రోజున మొదట చెయ్యి చాపినవాడివి నువ్వే.

నాలుగేళ్ల కిందట, టీకా చేరని పై గూడెంలో మశూచికం పడింది. ఒళ్లు బాగున్నవాళ్లు అడవిలోకి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. మనమైనా అదే చేస్తాం. అచ్చియమ్మ మాత్రం ఆ గూడేనికే వెళ్లింది. పడకేసిన తొమ్మిదిమందికి గంజి పోసింది, ఈగలు తోలింది. ఐదుగురు బతికారు. ముగ్గురిని అక్కడే పూడ్చింది. దేముడమ్మ అనే ఆమె మాత్రం, చచ్చిపోతే తనను అచ్చియమ్మ దేవుడి దగ్గర పడుకోబెట్టమని అడిగింది. అందుకని అచ్చియమ్మ, మన ఆసుపత్రిలో పనిచేసే సుక్రు సాయంతో డోలీ కట్టి, రోజంతా నడిచి, ఆ శవాన్ని మన సమాధుల దొడ్డి దగ్గరకు తెచ్చింది.

గేటు మూసింది ఎవరు? నేను. సంఘ పెద్దల్లో ఒకణ్ణి, తాళంచెవి నా దగ్గరుండేది. బాప్తిస్మం పొందని మనిషికి లోపల చోటు లేదన్నాను. ఆమె డోలీ దింపి నా ఎదుట నిలబడింది.

"పంతులుగోరూ, ఈ మడిసి ఏటి తప్పు సేసింది? నీళ్లలో మునగడానికి తీరిక లేకుండా సచ్చిపోనాది."

 నియమం ఉంది. అదే చెప్పాను.  కంచె బయట ఆమే సుక్రూ గొయ్యి తవ్వారు. నేను గేటు లోపల నిలబడి చూశాను. పార అందుకోలేదు. ప్రార్థన కూడా చెయ్యలేదు.

ఆ ఆదివారం ఆమె చర్చికి వచ్చి, ఎప్పటిలాగే నాకు దండం పెట్టింది. నాలుగేళ్లలో ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఈ నెల మొదట్లో ఘాటీ రోడ్డు కూలీల పాకల్లో వాంతిభేదులు పుట్టాయి. పనికి పట్టుకొచ్చిన కొండవాళ్లను వదిలేసి మేస్త్రీలు దిగిపోయారు. అచ్చియమ్మ వెళ్లింది. ఆరు రోజులు ఉప్పు వేసిన గంజినీళ్లు పోసింది. ఏడో రోజున తనే పడింది. సుక్రు కబురు తెస్తే పరుగెత్తాను. కళ్లు లోతుకు పోయాయి, గొంతు వినబడీ వినబడకుండా ఉంది. పాదిరి దొరగారి పక్కన చోటిప్పిస్తానని, సంఘాన్ని నేను ఒప్పిస్తానని చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"దొరగోరికి దొరసానుంది. దేముడమ్మకి ఎవులున్నారు? నన్ను దాని పక్కన పెట్టండి."

పెట్టాం. నిన్న ఆ గొయ్యి నేనే తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. దానితో నేను దేముడమ్మకు చేసింది పోతుందా? పోదు.

కంచె జరిపి ఇద్దరినీ లోపల కలుపుకుందామని ఈ ఉదయం కొందరు పెద్దలన్నారు. అయ్యలారా, దానివల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. మన సిగ్గు కాస్త తగ్గుతుంది, అంతే. కంచెను ఉన్నచోటే ఉండనివ్వమని నా మనవి.

ఇక లేవండి. బాప్తిస్మం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, కొండవాళ్లూ షావుకార్లూ, ఒకరి పక్కన ఒకరు నిలబడండి. అచ్చియమ్మ కోసం నిలబడండి. దేముడమ్మ కోసం కూడా. ఆ రోజు ఆమె కోసం సుక్రు తప్ప మనలో ఎవరమూ నిలబడలేదు. ఎవరూ మాట్లాడకండి. నేనూ ఆపుతున్నాను.