గురునాథం గారి బొంతల గది

1951 జూన్ పద్దెనిమిదవ తేదీన అద్దంకిలో మార్కెట్ గుమాస్తాగా ఉద్యోగ జీవితం ప్రారంభించిన శ్రీ గురునాథం గారు, ఈ 1988 జూన్ ముప్పయ్యో తేదీన మన గుంటూరు మార్కెట్ యార్డు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన రాయమన్నారు గానీ, వారి పక్క బల్లన పదిహేడేళ్లు కూర్చున్న నాకు చేయి ఆడడం లేదు.

1964లో గుంటూరు బదిలీ అయి, పత్తి తూకాలలోనూ మిరప వేలంలోనూ రైతు పక్షాన నిలిచి, ఒక్క ఫిర్యాదుకైనా తావివ్వని కార్యదక్షులు వారు. 1979లో క్వార్టర్సులో ఇల్లు దక్కాక టేపు రికార్డరూ, రెండు స్పీకర్లూ కొని, సతీమణి శ్యామలాంబ గారి మంగళహారతిని రికార్డు చేసుకున్నారు. 1983లో ఆ మహాతల్లి అకస్మాత్తుగా కన్నుమూశారు.

ఆ టేపులో హారతి ముగిశాక, చివర ఆగేముందు, ఆమె ఏదో అన్నారు. ఎన్నిసార్లు విన్నా అదేమిటో తెలియదు. టేపు పెట్టే ఆ గదికి గచ్చు నేల, బోసి గోడలు, పైన స్లాబు. ప్రతి శబ్దమూ తిరిగొచ్చి ఆ మాటను మింగేసేది. గురునాథం గారు స్పీకర్లను మూలల నుంచి ముందుకు జరిపారు, కుర్చీని వెనుక గోడకు దూరం చేశారు, గది మధ్య నిలబడి చప్పట్లు కొట్టి, మోత తగ్గిందా అని చెవి ఒగ్గి వినేవారు. పాపం, మతి చలించిందనుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. క్షమించాలి.

యార్డు మనిషి కదా, ఆ మోత అణచాలని గోడలకు కట్టడానికి మొదట వారి కంటపడినవి ఖాళీ మిరపకాయల గోతాలు! ఒక ఆదివారం మమ్మల్ని పిలిచి, ఫ్యాను వేసి, టేపు పెట్టారు. పల్లవి పూర్తికాక ముందే అందరికీ తుమ్ములు, దగ్గులు, కళ్లనీళ్లు. మన తూకందారు రంజాన్, "అయ్యా, పాటకని పిలిచి పొగబెట్టారేందండీ!" అన్నాడు. గురునాథం గారు పగలబడి నవ్వారు. ఆమె పోయాక వారి ముఖాన మేం చూసిన మొదటి నవ్వు అది.

తరువాత పరుపులు కుట్టే జానీబీ చేత దూదితో మందపాటి బొంతలు కుట్టించి గోడల నిండా వేలాడదీశారు. మళ్లీ పిలిచారు. ఈసారి హారతి ముగిశాక ఆ మాట విస్పష్టంగా వినిపించింది: "ఇక కట్టేయండి, అన్నం చల్లారిపోతోంది."

వారు గోడవైపు తిరిగిపోయారు.

ఇప్పుడు వారు పర్చూరులో తమ్ముడి గారింటికి వెళ్లిపోతున్నారు. ఆ క్వార్టరును నాకు కేటాయించారు, సంతోషించలేకపోతున్నాను. నిన్న బొంతలు విప్పబోతూ, "మా తమ్ముడింట్లో పదిమంది తిరిగే హాలండీ, అక్కడ గోడలకు ఇవి ఎట్టా కడతాం? ఆ మాట మళ్లీ పోయినట్టే" అన్నారు. వారి చేయి పట్టుకుని ఆపాను.

అయ్యా, ఆ బొంతలు అక్కడే ఉంటాయి. తాము ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ టేపు పట్టుకుని రావాలి. టేపులో అమ్మగారు అన్నం చల్లారిపోతోందనే వేళకు, మా ఇంట్లో తమకు విస్తరి వేసి, వేడివేడిగా వడ్డించి ఉంటుంది.