తలనూనె సీసాలో మందు

హలో… ఆ, నేనే వదినా. ఇంకా ఇంటికి చేరలేదు… సరిహద్దు చెక్‌పోస్టులో ఉన్నా. ఇది వీళ్ళ ఆఫీసు ఫోన్, నాది లాగేసుకున్నారు. కాస్త వినండి.

మందు పట్టుకున్నారు.

… ఆ, తలనూనె సీసాలో మీరు పోసిచ్చిందే. నూనె సార్ అన్నా. మూత తీసి వాసన చూసి, "ఇది రాసుకునే తల ఏదమ్మా?" అన్నాడు… ఏడవకండి వదినా. మీరు ఏడిస్తే నాకు మాట రాదు.

… చెప్పాను. పాపకి మూర్ఛ, ఏ మందూ పని చెయ్యట్లేదు, ఈ గంజాయి నూనె వేసినప్పుడే తగ్గిందని కాళ్ళావేళ్ళా పడ్డాను… మీ దగ్గర వేరు వదినా. డాక్టరు రాస్తాడు, షాపువాడు నవ్వుతూ సంచిలో పెట్టిస్తాడు. మీకూ అవతలున్న ఇంకో దేశంలో అయితే సర్కారే సగం ఖర్చు పెట్టుకుంటుందట. ఇక్కడ మా డాక్టరు నోటితో చెప్తాడు గానీ కాగితం మీద పెట్టడు. రాస్తే ఆయన లైసెన్సు పోతుంది.

… అసలు సంగతి అది కాదు. కొత్త రూలు వచ్చిందట. డాక్టరు చీటీ ఉండి, షాపు సీసా సీలుతో, దాని మీద రోగి పేరుతో ఉంటే వదిలేస్తారట… అవును. పాప పేరుతోనే ఉండేది కదా. ఆ సీసా మీది కాగితం, చీటీ రెండూ మనమే చింపేశాం. పిల్ల పేరు బయటపడకూడదని.

… ఆ సీసా, ముక్కలు అన్నీ చెత్తబండి పట్టుకుపోయిందా…

… చీటీ ఫొటో చాలదట. అడిగాను… ఇంకో సీసా? నెల తిరిగేదాకా మీ షాపువాడివ్వడుగా. నెల రోజులు ఎలా ఆపను వదినా? పొద్దున మీ తమ్ముడు ఫోన్ చేశాడు. పాపకి స్నానం చేయిస్తుంటే మళ్ళీ వచ్చిందట, నాలుక కొరుక్కుందట.

… కేసు పెట్టరట. నూనె వదులుకుంటే నన్ను పంపిస్తారట. ఉత్త చేతులతో ఇంటికెళ్ళి దాని మొహం ఎలా చూడను?

… ఉండండి. పాపని మళ్ళీ చూస్తే మీ డాక్టరు కొత్త చీటీ రాస్తాడా?… రాస్తాడు కదా? దాని మీద షాపువాడు నెల తిరక్కుండానే ఇస్తాడు కదా? అయితే తీసుకొస్తా. నూనె ఇటు రాకపోతే పిల్లే అటు వస్తుంది.

… తెలుసు, బస్సులో మూర్ఛ రావచ్చు. వస్తే ఒళ్ళో పట్టుకుంటా. ఇంట్లో మాత్రం ఏం చేస్తున్నాం, పట్టుకోవడమేగా… నా ఉద్యోగం పోతే పోతుంది. మీ తమ్ముడికి నేను చెప్తాను. మీ ముందుగదిలో చాప వేస్తే చాలు మాకు.

ఒక్క నిమిషం వదినా…

సార్. సార్, అది సింకులో పొయ్యకండి. తర్వాత పోసేద్దురుగానీ, నేను బయటికి వెళ్ళేదాకా ఆగండి సార్—