రెండు కుర్చీల ఆచార్యురాలు

ముప్పై నాలుగేళ్ల క్రితం, ఆగస్టు మూడవ తేదీ ఉదయం, మా న్యాయశాస్త్ర విభాగంలో సహాయ ఆచార్యులుగా చేరిన మేడంగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సంచికలో ఆనందబాష్పాలు, ఆత్మీయ స్మృతులు ఉండటం మర్యాద. ఆ మర్యాదను ఈ సంచికలోని మిగతా వ్యాసాలు సమృద్ధిగా పాటించాయి కనుక, ఈ ఒక్క వ్యాసం కోపంతో రాసినందుకు పాఠకులు మన్నించాలి.

చేరిన తొలి సంవత్సరాలలో ఆమె అందరిలాగే ఒప్పందాల చట్టం, ఆస్తి చట్టం బోధించారు. ఒకనాడు జిల్లా కోర్టు వరండాలో దావా ఓడిన వృద్ధుడొకరు తీర్పు ప్రతిని తలకిందులుగా పట్టుకుని నిలబడటం చూశారు. ఆయన న్యాయవాది అప్పటికే మరో కేసుకు పరుగెత్తారు. మేడంగారు విభాగానికి తిరిగి వచ్చి, ఎల్‌ఎల్‌ఎం మొదటి సెమిస్టరుకు కొత్త పాఠ్యాంశం ప్రతిపాదించారు. దాని పేరు ‘తీర్పు వివరణ’. ప్రతి విద్యార్థీ ఒక తాజా తీర్పును తీసుకోవాలి. ఆ కేసులో ఓడినవారిని వారి అంగీకారంతో తరగతికి పిలిచి, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, ఎందుకు ఓడారో వారి మాటల్లో వారికే చెప్పాలి. సెక్షన్ల అంకెలు పలకరాదు. “అర్థం కాలేదు” అని వారంటే మరుసటి వారం మళ్లీ చెప్పాలి. పిల్లలు ఆమెకు ‘రెండు కుర్చీల మేడం’ అని పేరు పెట్టింది అందుకే.

ఆమె ముక్కుసూటితనానికి ఒక్క ఉదాహరణ చాలు. శాఖాధిపతి పదవి తనకు రావలసిన సమయంలో సీనియారిటీ తేడాతో మరొకరికి వెళ్లగా, మేడంగారు కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. ఆ సెమిస్టరులో తీర్పులు పంచినప్పుడు చీటీల్లో తన తీర్పునూ కలిపారు. అది తరగతిలో అందరికంటే చురుకైన విద్యార్థికి వచ్చింది. అతను ఆ చీటీని తిరిగి ఆమె బల్ల మీద పెట్టాడు.

“మేడం, నేను వేరే తీర్పు తీసుకుంటాను.”

“ఏం, ఓడింది నేనైతే చట్టం మారుతుందా? కూర్చో.”

అతను కూర్చున్నాడు. తీర్పు ప్రతిని మడిచి పక్కన పెట్టాడు. “తీర్పు తప్పు అని చెప్పాలనే ఉంది మేడం. కానీ తప్పు కాదు. పాప పుట్టినప్పుడు జీతం లేని సెలవు మీరే అడిగి తీసుకున్నారు. అది సర్వీసులో కలవదని మీరు చేరేనాటికే నిబంధన ఉంది. ఆ నిబంధన అన్యాయమైతే మార్చమని పోట్లాడాలి. ఉన్నదాన్ని లేదని అనడానికి కోర్టుకు వీల్లేదు కదా.”

మేడంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మా లాయరు కూడా ఇంత వివరంగా చెప్పలేదయ్యా,” అని అందరికంటే ఎక్కువ మార్కులు అతనికే వేశారు. అప్పీలు ఆలోచన మానుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, “ఓడిపోయానండీ, కానీ ఇవాళ నిద్ర పడుతుంది,” అన్నారట. ఈ మాట చెప్పింది వారి శ్రీవారే. “మా ఇంట్లో ఎప్పుడూ ఓడేది నేనే, నాకు మాత్రం ఎవరూ వివరించలేదు,” అని కూడా ఆయన నవ్వుతూ చేర్చారు.

ఆ చురుకైన విద్యార్థే నేటి మా శాఖాధిపతి గారు. ఈ సంచికను ఆవిష్కరించేదీ వారి చేతులే.

గత మార్చిలో పాఠ్యప్రణాళిక సవరణ సమావేశం జరిగింది. ‘ఇతర అంశాలు’ అనే శీర్షిక కింద, టీ కప్పులు వచ్చేలోపే, ‘తీర్పు వివరణ’కు మంగళం పాడారు. దాని స్థానంలో టిక్కులు పెట్టి గట్టెక్కే ప్రశ్నపత్రం వచ్చింది. దిద్దేవారికి సుఖం, చదివేవారికి సుఖం, ఇక ఓడినవారి సంగతి ఎవరికి కావాలి? మేడంగారు పదవీ విరమణ చేసేదాకా ఆగుదామన్న ఇంగితం కూడా లేకపోయింది. ఆమె బయట వరండాలో శాఖాధిపతి గారిని ఆపారు.

“ఎందుకు తీసేశావు?”

“కమిటీ నిర్ణయం మేడం. పరిస్థితులు మారాయి.”

“ఏ పరిస్థితులు?”

“అన్నీ, మేడం.”

న్యాయశాస్త్రంలో పట్టభద్రుడు, పరిశోధకుడు, ఒకనాడు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు తీర్పును వివరించినవాడు, ఇచ్చిన సమాధానం ఇది. మేడంగారు కేకలు వేయలేదు. “సరే, ఈసారీ ఓడింది నేనే. నియమం నీకు తెలుసు. వచ్చి కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పు. సబబైతే లేచి వెళ్లిపోతాను,” అన్నారు. ఆ సెమిస్టరు పొడుగునా తన గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని ఎదురుచూశారు. శాఖాధిపతి గారు ఆ వరండా మానేసి వెనుక మెట్ల మీదుగా తిరగడం అలవాటు చేసుకున్నారు. వచ్చే నెలలో విద్యామండలి ఆమోదముద్ర వేస్తే ఆ పాఠ్యాంశం అటకెక్కినట్టే. వేయకముందే దాన్ని నిలబెట్టగలిగినది ఒక్క సంతకం. అది ఎవరిదో ఈపాటికి అందరికీ తెలుసు.

వీడ్కోలు కానుకగా ఏం కావాలని విభాగం అడిగినప్పుడు, మేడంగారు జ్ఞాపికలు వద్దని ఆ పాత కుర్చీలు రెండూ అడిగారు. అవిప్పుడు వారి ఇంటి ముందుగదిలో ఉన్నాయి. ఒకదానిలో శ్రీవారు పేపరు పట్టుకుని కూర్చోబోతే, “అందులో వద్దండీ, ఒకాయన రావాలి,” అని లేపేస్తున్నారట.

మేడంగారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు కలగాలని మనసారా కోరుకుంటున్నాం. ఎదురుచూడటానికి ఆ రెండూ అవసరం. శాఖాధిపతి గారికీ అంతే ఆరోగ్యం, అంతే ఆయుష్షు కోరుకుంటున్నాం. మేడంగారి ఇంటికి వెనుక మెట్లు లేవు.