మూత దగ్గర చూసిన వాసన

1983, ఒహాయో. చావు ఇంట్లో ఓదార్పు ప్రార్థనకు పెట్టిన ఆదరణ కూటం ముగిసి అందరూ వెళ్లిపోయాక ఆమె వంటగదిలో టీ కప్పులు కడుగుతోంది. చనిపోయిన భర్తతో పాటు మురుగునీటి ప్లాంట్‌లో పనిచేసినతను తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఇక వెళ్లొస్తా అక్కా.”

“ఆగు తమ్ముడూ. మీ బావ దిగి చనిపోయిన ఆ ట్యాంకులో అసలేముంటుంది?”

“మురుగు మడ్డి. గాలి తగలకుండా మూసి, వెచ్చగా ఉంచి పులియబెడతాం. గ్యాస్ పుడుతుంది. ఆ రోజు కడగడానికని ఖాళీ చేశాం.”

“దిగే ముందు మీటర్‌తో గ్యాస్ చూడాలట కదా?”

“చూడాలి. మీటర్ ఆఫీస్‌లో ఉండిపోయింది. వెళ్లి తెస్తానన్నాడు బావ.”

“మరి?”

“మూత తీసి నేను వాసన చూశా. మొదట కుళ్లు కంపు కొట్టింది, కాసేపటికి ఆగిపోయింది. గ్యాస్ పోయింది, దిగు బావా అన్నా.”

“పోయిందా?”

“లేదక్కా. ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కుకే తెలీదంట. తర్వాత చెప్పారు.”

“మీటర్ వద్దని ఆయనే దిగాడని రిపోర్ట్‌లో ఉంది. పాప చదివి చెప్పింది. ఎవరు చెప్పారలా?”

“నేనే.”

“రేపు ఎంక్వైరీలో నిజం చెప్తావా?”

“జాబ్ పోతుందక్కా. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు.”

ఆమె కుళాయి కట్టేసింది.

“ఇందాక ప్రార్థనలో ఎంత బాగా ఏడ్చావు తమ్ముడూ! జ్ఞాపకార్థ కూటానికి కూడా రా. భోంచేసి వెళ్లు. ప్రార్థన మాత్రం నువ్వు చేయకు.”